మూత తియ్యడం మర్చిపోయిన రోజు

ఆవకాయ హడావిడి అయిందా? పోయిన వారం జాడీల సంగతి రాస్తూ చివర్లో నా బొమ్మ కెమెరా ప్రస్తావన తెచ్చాను కదా. అది చదివి మా పక్కింటావిడ "పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మీకు బొమ్మలేమిటండీ" అని ఒకటే నవ్వు. పిల్లలాడుకునే బొమ్మ కాదండీ బాబూ, నిజంగా ఫోటోలు తీసే కెమెరానే. పేరు హోల్గా. ఒళ్ళంతా ప్లాస్టిక్కు, లెన్సు కూడా ప్లాస్టిక్కే. అందుకే ఈ రకం వాటిని టాయ్ కెమెరాలంటారు. లోపల ఫిలిం రీలు వేసుకోవాలి. తెర ఉండదు. తీసిన ఫోటో అక్కడికక్కడే చూసుకునే వీలు అసలే లేదు. మావారు మొదటిసారి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఏ తిరనాళ్ళలో కొన్నావు?" అన్నారు.

నలభై దాటాక నాకీ సరదా ఎందుకు పట్టుకుందో ముందు చెప్పాలి.

నా చిన్నప్పుడు, అంటే 1980లలో, మా నాన్నగారి దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. మన బరోడాలో తయారైనదే. మీలో చాలామంది పుట్టిళ్ళలో కూడా ఉండే ఉంటుంది. రీలుకి పన్నెండే ఫోటోలు. సంక్రాంతికి వేసిన రీలుని నాన్న ఉగాది దాకా నడిపించేవారు. ఫోటో తీసేవాళ్ళకి ఎండ వీపు మీద పడాలని ఆయన నియమం. అందుకని మా పాత ఫోటోలన్నింట్లో అమ్మ, నేను, తమ్ముడు కళ్ళు చికిలించుకుని నిలబడి ఉంటాం. మా కాళ్ళ ముందు నేల మీద ఒక తలకాయ, రెండు మోచేతులు నల్లగా నీడ పడి ఉంటాయి. అది నాన్న. అన్నీ ఆయనే తీశారు కాబట్టి, ఆ ఫోటోల్లో ఆయన ఉన్నది ఆ నీడ మటుకే.

2021లో అమ్మ పోయింది. చివరి రెండేళ్ళవి నా ఫోన్లో అమ్మ ఫోటోలు నాలుగైదు వందలు ఉండేవి. చిక్కుడుకాయలు ఒలుస్తూ, పేపరు చదువుతూ, మనవడితో పేకాడుతూ. ఒక్కటంటే ఒక్కటీ అచ్చు వేయించలేదు. ఆ ఏడాది చివర్లో ఫోను బట్టలు నానబెట్టిన బకెట్లో పడింది. రిపేరు చేసే అబ్బాయి రెండు రోజులు దగ్గర పెట్టుకుని పెదవి విరిచేశాడు. వేరేచోట దాచుకోవాలని తెలియక కాదండీ, రేపు చేద్దాంలే అనుకున్నాను. అంతే. నాన్నగారి నెగెటివులు మాత్రం ట్రంకు పెట్టెలో, ఓ పాత కవర్లో, దాదాపు నలభై ఏళ్ళుగా చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఆ క్లిక్ త్రీని బయటికి తీశాను గానీ, లోపల స్ప్రింగు తుప్పు పట్టి మీట కదల్లేదు. ఆ మాట విని, హాంకాంగ్‌లో ఉద్యోగం చేసే మా మరిది "వదినా, మీ నాన్నగారి కెమెరాకి వాడే రీలే దీనికీ సరిపోతుంది" అంటూ తర్వాతిసారి వచ్చినప్పుడు హోల్గా తెచ్చిచ్చాడు.

హోల్గా పుట్టిల్లు హాంకాంగే. 1981లో లీ టింగ్-మో అనే ఆయన రూపొందించారు. 'హో గ్వాంగ్' అనే కాంటనీస్ మాట నుంచి ఆ పేరొచ్చింది. బాగా వెలుగు అని అర్థం. చైనాలో మామూలు సంసారులు కూడా ఇంట్లోవాళ్ళ ఫోటోలు తీసుకోగలగాలని చవగ్గా చేశారు. కొన్నాళ్ళకే చిన్న రీళ్ళ కెమెరాలొచ్చి దీన్ని పక్కకి నెట్టేశాయి. కానీ సరదాకి ఫోటోలు తీసేవాళ్ళూ, దేశాలు తిరిగేవాళ్ళూ దీన్ని వదల్లేదు. 2015లో తయారీ ఆగిపోయింది, 2017లో మళ్ళీ మొదలైంది.

దీనికి అక్కలాంటిది డయానా అని ఇంకోటుంది. అదీ హాంకాంగ్‌దే, 1960లలో వచ్చింది. అమెరికాలో నాన్సీ రెక్స్‌రాత్ అనే ఆవిడ ఆ డయానాతో తీసిన ఫోటోలతో 1977లో 'అయోవా' అని ఒక పుస్తకం వేశారు. తమాషా ఏమిటంటే అందులో ఎక్కువ ఫోటోలు ఒహాయోలో తీసినవి. చిన్నప్పుడు అయోవాలో చుట్టాలింటికి వెళ్ళిన రోజులు ఆ మసక ఫోటోల్లో ఆవిడకి కనిపించాయి, అందుకని ఆ పేరు. డేవిడ్ బర్నెట్ అనే పేరున్న పత్రికా ఫోటోగ్రాఫరు కూడా, 2000లో అల్ గోర్ ఎన్నికల ప్రచారాన్ని హోల్గాతో తీసి బహుమతి గెలుచుకున్నారు. ఈ మాట మావారికి చెప్పాక తిరనాళ్ళ ఊసు మళ్ళీ ఎత్తలేదు!

వాడకం చాలా సులువు. లెన్సు చుట్టూ బొమ్మలుంటాయి: ఒక మనిషి, చిన్న కుటుంబం, గుంపు, కొండ. ఎదురుగా ఉన్నదాన్ని బట్టి తిప్పుకోవడమే. వెనకాల ఎర్రటి కిటికీలో అంకె కనపడేదాకా చేత్తో రీలు చుట్టాలి. చుట్టడం మర్చిపోయి మళ్ళీ నొక్కితే రెండు ఫోటోలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మధ్యలో స్పష్టంగా, అంచుల్లో మసగ్గా, మూలల్లో చీకటిగా వస్తుంది. అదే దీని అందం.

ఖర్చు కూడా దాచకుండా చెప్తాను. రంగుల రీలు కొని, కొరియర్లో పంపి, కడిగించేసరికి వెయ్యి రూపాయల పైమాటే. అంటే ఒక్కో నొక్కుడుకీ ఎనభై రూపాయలకి తక్కువ కాదు. అందుకే చీరల చిట్టీ మానేసి ఆ డబ్బు దీనికి పెట్టుకున్నాను. ఎనభై రూపాయలని గుర్తుంటే, నొక్కే ముందు ఎదుటి మనిషి మొహం బాగా చూస్తామండీ. అమ్మని అన్ని వందల ఫోటోలు తీసినా, అంత శ్రద్ధగా నేనొక్కసారీ చూడలేదు.

ఇక ప్రయాణం. 2024 నవంబరులో మా మరిది రమ్మంటే మావారు, నేను, మా అత్తయ్య ఐదు రోజులు హాంకాంగ్ వెళ్ళాం. అత్తయ్యకి డెబ్భై నాలుగు. విమానం ఎక్కడం అదే మొదలు. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి పద్నాలుగు రోజుల లోపు చుట్టపుచూపుకి వీసా అక్కర్లేదు గానీ, ముందుగా ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకుని ఆ కాగితం వెంట తీసుకెళ్ళాలి. 2017 జనవరి నుంచి ఈ పద్ధతి. నేను నాలుగు రీళ్ళు పట్టుకెళ్ళాను. నలభై ఎనిమిది ఫోటోలన్నమాట.

మూడో రోజు మేడమీద మేడ ఉండే ట్రాముల్లో తిరిగాం. అక్కడ ట్రాములు 1904 నుంచి నడుస్తున్నాయి. తర్వాత స్టార్ ఫెర్రీ ఎక్కాం. ఆకుపచ్చ, తెలుపు రంగుల పడవ. పది నిమిషాల్లో అవతలి ఒడ్డుకి చేరుస్తుంది. టిక్కెట్టు మన ఊళ్ళో ఆటో అబ్బాయి అడిగే దానికన్నా తక్కువ. సీట్ల వీపులు ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. ఈ పడవల కంపెనీని 1888లో మొదలుపెట్టింది దొరాబ్జీ నౌరోజీ అనే పార్శీ ఆయన, వంట పని చేసుకుంటూ పైకొచ్చారు అని మరిది చెప్తే, అత్తయ్య "వంటొచ్చినవాడు ఎక్కడైనా బతుకుతాడురా" అంది.

ఆ రోజు అత్తయ్య వెంకటగిరి చీర కట్టుకుంది. గాలికి కొంగు ఎగురుతుంటే, ఒక చేత్తో అది పట్టుకుని, రెండో చేత్తో కమ్మీ పట్టుకుని, నీళ్ళని చూస్తూ చిన్నపిల్లలా నవ్వింది. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు. "నన్నెందుకే, సముద్రాన్ని తియ్యి" అంటున్నా వినకుండా తీశాను. పన్నెండూ అయిపోయాయి.

ఒడ్డున దిగాక, మా మరిది కొడుకు తొమ్మిదేళ్ళవాడు, నా మెడలో కెమెరా వంక చూసి "పెద్దమ్మా, మూత తియ్యలేదేంటి?" అన్నాడు.

చూద్దును కదా, లెన్సు మీద మూత! ఈ కెమెరాలో మనం చూసే కంత వేరు, లెన్సు వేరు. మూత ఉన్నా కంతలోంచి అంతా చక్కగానే కనపడుతుంది. రీలు మొత్తం చీకటి. ఆ క్షణంలో నాకు బట్టల బకెట్టే కళ్ళ ముందు కదిలింది. రోడ్డు మీదే కళ్ళనీళ్ళు తిరిగాయి.

మర్నాడే ఆఖరి పగలు. షాపింగుకని పెట్టుకున్నాం, చుట్టాలిచ్చిన జాబితా చేతిలో ఉంది. రాత్రి అన్నాలయ్యాక "రేపొద్దున్న మళ్ళీ ఆ పడవెక్కుదాం" అన్నాను. మావారు "నా ఫోన్లో అరవై ఫోటోలు తీశానుగా, ఇంకా ఎందుకు?" అన్నారు. ఆయన మాటా తప్పు కాదు. కానీ నా నోట్లోంచి "నా ఫోన్లో ఉన్న మా అమ్మ ఏమయిందండీ?" అని వచ్చేసింది. ఎవరూ మాట్లాడలేదు. ఒక ప్రయాణంలో ఇది మార్చండి అని నేనడగడం అదే మొదటిసారి. కాసేపటికి అత్తయ్యే "షాపులు గుంటూర్లో లేవా ఏంటి? పొద్దున్నే ఆ చీరే కడతాలే అమ్మాయ్" అంది.

మూత మరిది ఇంట్లోనే వదిలేసి వెళ్ళాను. అత్తయ్య ముందురోజులా నవ్వలేదు. పోయిన నవ్వు ఎనభై రూపాయలిస్తే తిరిగి రాదు కదా. ఊరికే నా వైపు చూస్తూ నిలబడింది. ఆరు తీశాక "ఏదీ, ఇటివ్వు. నువ్వెక్కడున్నావు ఇందులో?" అని కెమెరా లాక్కుంది. ఎక్కడ నొక్కాలో చూపించాను. నన్ను కమ్మీ దగ్గర నిలబెట్టి, ఊపిరి బిగబట్టి మరీ నొక్కింది.

మీలో ఎవరికైనా ఈ సరదా పుడితే నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి ఇవి:

• కొత్త రీళ్ళు మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచండి. మా ఇంట్లో పెసరట్టు పిండి పక్కనే ఉంటాయి. వాడే ముందు కొన్ని గంటలు బయట పెట్టాకే విప్పాలి, లేకపోతే చెమ్మ పడుతుంది.

• రీలు నీడపట్టున వెయ్యండి. కెమెరా అతుకుల మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటిస్తే వెలుగు లోపలికి దూరదు.

• అయిపోయిన రీలు వదులవకుండా బిగించి, దాని కాగితం జిగురు తడిపి అంటించి, ఎండ తగలకుండా దాచండి.

• విమానంలో రీళ్ళు పెద్ద సూట్‌కేసులో అస్సలు పెట్టొద్దు. ఆ సామాను స్కానర్లు ఫిలింని పాడుచేస్తాయి. చేతిసంచిలోనే పారదర్శకమైన కవర్లో పెట్టుకోండి. ఇప్పుడు కొన్నిచోట్ల చేతి సామానుకి కూడా సీటీ స్కానర్లొచ్చాయి, వాటితోనూ ప్రమాదమే. "ఇవి ఫిలిం రీళ్ళు, దయచేసి చేత్తో చూడండి" అని మర్యాదగా అడగండి. మాకు ఒకచోట ఒప్పుకున్నారు, ఇంకోచోట కుదరదన్నారు. అందుకే తగినంత టైము పెట్టుకుని వెళ్ళాలి.

• మూత సంగతి మళ్ళీ చెప్పక్కర్లేదుగా!

ఇంటికొచ్చాక రీళ్ళు కొరియర్లో పంపాను. మూడు వారాలకి ఫోటోలొచ్చాయి. ఆ పడవ రీలులో రెండు కదిలిపోయాయి. ఒకదానికి అంచున ఎర్రటి చార పడింది. అత్తయ్యది ఒకటి మాత్రం చాలా బాగా కుదిరింది. కొంగు గాల్లో మసగ్గా ఉంది, కళ్ళు స్పష్టంగా ఉన్నాయి. అచ్చు వేయించి హాల్లో పెట్టాం. చూసినవాళ్ళందరికీ మావారే "మా ఆవిడ తీసింది" అని చెప్తున్నారు.

అత్తయ్య తీసింది నా గదిలో పెట్టుకున్నాను. కెమెరాని కొండ గుర్తు మీద వదిలేశాను కాబట్టి వెనకాల మేడలన్నీ కనపడుతున్నాయి, నేనే అలుక్కుపోయినట్టున్నాను. అంతా ఓ పక్కకి ఒరిగింది. కింద మూలన ఏదో నల్లగా అడ్డొచ్చింది. ఏమిటా అని దగ్గర పెట్టుకుని చూస్తే, అత్తయ్య వేలు.

ఆ మూల కత్తిరించి ఇంకోటి వేయించుకోమని స్టూడియో అబ్బాయి అన్నాడు. వద్దన్నాను. నాన్న నీడ పడ్డ ఫోటో పక్కనే తగిలించాను.

ఈ ఆదివారం మీ ఇంట్లో ఎప్పుడూ ఫోటోలు తీస్తూ ఉండిపోయే మనిషిని ఒక్కసారి ఇటు నిలబెట్టండి. ఫోనైనా ఫరవాలేదు, తీసింది మటుకు అచ్చు వేయించండి. వచ్చే వారం పాత కుక్కరు రబ్బర్లతో ఎన్ని పనులు చేసుకోవచ్చో చెప్తాను. ఉంటానండీ.