వెండి తీగకు తులాల లెక్క

రావిర్యాల అనగానే మనవాళ్ళకి ఔటర్ రింగ్ రోడ్డు, వండర్‌లా గుర్తొస్తాయి. అక్కడే గీతాంజలి జెమ్స్ వాళ్ళు ఓ నగల సెజ్ పెట్టారు. 2018లో పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణం బయటపడ్డాక ఈడీ దాన్ని అటాచ్ చేసింది. అప్పట్లో నేను చదివిన వార్తల్లో భూముల విలువ, వజ్రాల విలువ ఉన్నాయి గానీ చేతిపని విలువ ఎక్కడా కనపడలేదు. నగ అంటే మన దృష్టిలో రాయి, బరువు, అంతే కదా!

కరీంనగర్ ఫిలిగ్రీ సంగతే తీసుకోండి. 2007లో జీఐ గుర్తింపు వచ్చింది. వెండిని సన్నటి తీగలుగా లాగి, రెండేసి పురిపెట్టి, చదును చేసి, కాస్త మందపాటి చట్రంలో చుట్టలుగా పొదిగి టంకం పెడతారు. అందులో వెండి కంటే ఖాళీయే ఎక్కువ. అంటే పనితనం పెరిగేకొద్దీ బరువు తగ్గుతుంది. మనమేమో తులాల లెక్కన బేరమాడతాం! కోడ్ లైన్లు లెక్కపెట్టి జీతం ఇస్తానంటే మనం ఊరుకుంటామా?

ఒకప్పుడు అత్తరుదానులు, పాన్‌దానులు చేసిన చేతులే ఇప్పుడు చెవిదిద్దులు, లాకెట్లు చేస్తున్నాయి. 2023 జీ-20 సమావేశానికి అశోకచక్రం బ్యాడ్జీలూ చేశాయి. "సంప్రదాయం పోతోంది" అనేవాళ్ళు లేకపోలేదు. నాకు అలా అనిపించదు.

ఆరిజోనా ట్రిప్పుకెళ్ళినవాళ్ళు నవాహో వెండి నగలు చూసే ఉంటారు. అనాదిగా వస్తున్న కళ అనుకుంటాం గానీ, వాళ్ళు వెండి పని నేర్చుకున్నది 19వ శతాబ్దం మధ్యలో, మెక్సికన్ల దగ్గర. తర్వాత కెన్నెత్ బెగే అనే నవాహో కళాకారుడు ఆ పనినే నిరాడంబరమైన ఆధునిక డిజైన్లలోకి తెచ్చాడు. ఇవాళ ఆయన పేరుతో నగలు వెతుక్కుని కొంటారు. వేరేవాళ్ళు చేసినవి ఇండియన్ల పనిగా అమ్మితే నేరమని 1990లో అమెరికాలో చట్టం కూడా వచ్చింది.

మన దగ్గర జీఐ ఊరి పేరునైతే కాపాడుతుంది. మరి చేసిన మనిషి పేరు?

ఆమధ్య మా ఆవిడకి ఫిలిగ్రీ దిద్దులు కొన్నాను. మా అత్తగారు అరచేతిలో పెట్టుకుని, "ఇంత తేలిగ్గా ఉన్నాయి, ఇంత రేటా బాబూ?" అన్నారు. ఆవిడ తప్పేం లేదు లెండి, బిల్లులోనూ గ్రాములూ మజూరీనే ఉన్నాయి. అంతకుముందు కొట్లో, బిల్లు మీద చేసినాయన పేరు రాయమని అడిగితే కౌంటర్లో అబ్బాయి వింతగా చూశాడు.

"పేరెందుకు సార్? ప్యూర్ సిల్వరే!"