నాన్నకి కనిపించని త్రీడీ

2024లో ‘కల్కి 2898 ఏడీ’ వచ్చినప్పుడు నాన్న హైదరాబాద్‌లో నా దగ్గరే ఉన్నారు. త్రీడీ షోకి తీసుకెళ్లా. పిల్లలంతా గాల్లోకి చేతులు చాపుతుంటే ఆయన మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఇంటర్వెల్‌లో అడిగితే, “బొమ్మ బాగానే ఉందిరా. మీదికొస్తాయన్నావ్, ఏవీ?” అన్నారు. నా కళ్లజోడు ఇచ్చా. అయినా అంతే.

బయటికొచ్చాక వెలిగింది. మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. నేను ఆరో తరగతిలో ఉండగా పత్తి కట్టె గుచ్చుకుని నాన్న ఎడమ కంట్లో పువ్వు పడింది. ‘ఇంకో కన్నుంది కదా’ అనుకున్నామే గానీ, పోయిందేంటో ఇన్నేళ్లలో ఎవరం ఆలోచించలేదు.

మన రెండు కళ్ల మధ్య దూరం 6 సెంటీమీటర్ల పైచిలుకు. అందుకే రెండూ ఒకే వస్తువుని కాస్త తేడాగా చూస్తాయి. ఆ తేడాని బట్టి మెదడు దూరం లెక్కగడుతుంది. చార్లెస్ వీట్‌స్టన్ 1838లోనే స్టీరియోస్కోప్‌తో ఇది చూపించాడు: కంటికొకటి చొప్పున రెండు చదును బొమ్మలు పెడితే లోతు దానంతటదే వచ్చేసింది. సినిమా హాల్లోనూ అదే మాయ. తెర మీద పడే రెండు బొమ్మల్లో ఏ కంటిది ఆ కంటికే చేరేలా పోలరైజ్డ్ అద్దాలు చూసుకుంటాయి. పనిచేసే కన్ను ఒక్కటే అయితే మెదడుకి ఒక్క బొమ్మే. ఇక కలపడానికేముంది?

నమ్మకపోతే ఫోన్ పక్కనపెట్టి, ఒక కన్ను మూసి, చేతులు చాపి రెండు పెన్నుల మొనలు కలిపి చూడండి.

మరి నాన్న బండెలా నడుపుతున్నారు? ఒంటికన్నుకీ ఆధారాలున్నాయి. దూరం పోయేకొద్దీ మిర్చి సాళ్లు దగ్గరైనట్టుంటాయి. గుంటూరు బస్సు కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్క పత్తి మొక్కలు పరుగెడతాయి, కొండవీడు కొండలు కదిలినట్టే ఉండవు. దూరానికి ఇవి చాలు. చేతికందే దూరంలోనే చిక్కంతా. టీ పోసేటప్పుడు నాన్న గిన్నె మూతిని గ్లాసు అంచుకి ఆనిస్తారు. అది పొదుపనుకునేవాణ్ని! కాయ కోసే ముందు తల కాస్త అటూ ఇటూ ఊపుతారు. తల కదిలితే దగ్గరున్నది ఎక్కువ జరిగినట్టు కనిపిస్తుంది. అంటే, రెండో కెమెరా పోతే ఉన్న కెమెరానే జరిపి రెండు ఫొటోలు తీసినట్టన్నమాట. ఇంజినీరింగ్ చదివింది మాత్రం నేను.

మొన్న సంక్రాంతికి వెళ్తూ, పొలంలో పెట్టుకోడానికి ప్లాస్టిక్ కళ్లద్దాలు కొన్నా. ఉన్న ఒక్క కన్నుకైనా రక్షణ ఉండాలి కదా. చెమటకి మసకేస్తున్నాయని రెండ్రోజులకే మేక్కి తగిలించారు. ఈసారి గాలాడేవి వెతుకుతున్నా. మీ ఇంట్లోంచి ఎవరైనా పత్తి కట్టె పీకడానికి వెళ్తుంటే, వాళ్లకీ ఒక జత కొనండి.