ఆశ్వయుజమున కృష్ణజింకలు

విడపనకల్లు పరిసరములందలి నల్లరేగడి బయళ్లలో తెల్లవాఱుజామున నడచువారికి జింకల మందలు క్రొత్త కావు. మా విద్యార్థులు పుట్టినది మొదలు వానిని చూచుచున్నవారే. అయినను, నల్లని జింకయు గోధుమవన్నె జింకయు ఒకే జాతివా యని తరగతిలో మేమడుగగా సరిగా బదులు చెప్పినవారు ఇద్దఱే.

ఒకే జాతివే. గోధుమవన్నెవి ఆడువియు, పిల్లలును, ఈడు రాని మగవియు. మగజింక ఎదిగినకొలది వీపు నల్లబడును. కడుపును, కంటి చుట్టునుండు వలయమును తెల్లగనే నిలుచును. మెలితిరిగిన పొడవైన కొమ్ములు దానికే. దుప్పి కొమ్ములు రాలి మరల మొలచును. కృష్ణజింక కొమ్ములు రాలవు. ఆ విషయమున అది దుప్పికంటె మేకకే దగ్గఱి చుట్టము.

ఇవి ఏడాది పొడవునను జతకట్టును గాని, వానల పిమ్మట ఆ సందడి హెచ్చును. బలిసిన మగజింక కొంత నేలను తనదిగా చేసికొని, ఒకే తావున పేడ వేయుచు, కంటి క్రింది గ్రంథినుండి స్రవించు ద్రవమును గడ్డిపరకలకు పూయుచు హద్దులు గుర్తించును. ఆడుది రాగానే మోర పైకెత్తి, కొమ్ములను వీపుపై వాల్చి, గుఱ్ఱుమనుచు ఠీవిగా అడుగులు వేయును. ఇంకొక మగది వచ్చెనా, రెండును ప్రక్కప్రక్కన నడచి ఒకదాని నొకటి అంచనా వేసికొనును. తగవు తీరనియెడల కొమ్ములు కలియును. ఆ చప్పుడు ఒక్కమాఱు విన్నవారు మఱవరు. అయిదాఱు నెలలకు ఒక్క పిల్ల పుట్టును.

ఇట్టి సమయమున మోటారుసైకిళ్లతో మందను తఱిమి ఛాయాచిత్రములు తీయువారిని చూచితిమి. వేట కాదు గదా యని వారి వాదము. తఱిమినప్పుడు ఆ మగది కష్టపడి నిలుపుకొన్న నేలను విడిచి పాఱిపోవును. ఈ జంతువునకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలులో చోటిచ్చినది. ఇది మన రాష్ట్ర జంతువు కూడ. ఈ మాట వారితో చెప్పుట మాకు సులభమే.

రైతుబిడ్డలతో చెప్పుటయే కష్టము. ఈ దినములలోనే రేగడి చేలలో పప్పుశనగ విత్తుదురు. లేత మొలకలు జింకకు ఎంత ఇష్టమో రైతు నడుగవలెను. ఒక బాలుడు వరుసగా మూడు దినములు తరగతిలో నిద్రించగా మేము గట్టిగా మందలించితిమి. రాత్రులు తండ్రితో చేనికి పోయి డబ్బా వాయించుచు కావలి యుండెనని పిమ్మట తెలిసినది. మందలించినందుకు ఇప్పటికిని సిగ్గుపడుచున్నాము.

జింక రాష్ట్రమంతటిదైనప్పుడు అది మేసిన చేను ఒక్క రైతుదే యగుట న్యాయము కాదు. కాపాడుమని శాసించినవారే పంటనష్టమును కట్టి యియ్యవలెను. అదియు రెండవ విత్తనము వేయుటకు అదను దాటకముందే. రైతు పలుమాఱు తిరిగి పుచ్చుకొను సొమ్ము దారి ఖర్చులకే చాలదు.

మా వంతుగా, రాబోవు ఆశ్వయుజమున పై తరగతులవారిచే ఒక పుస్తకము వ్రాయింపనున్నాము. ఏ నాడు, ఏ పొలమున, ఎన్ని జింకలు, ఎంత మేసినవి అనునది అందుండును. రైతులు అర్జీ పెట్టుకొనునప్పుడు అది కొంత ఆధారమగును. దారి చూపుటకు ఆ నిద్రించిన బాలుడే ఒప్పుకొనినాడు. తెల్లబట్టలు కట్టరాదనియు, గాలికి ఎదురుగా నడువవలెననియు అతడే మాకు చెప్పినాడు.