రెండు బూట్లు, రెండు దారులు

2023లో పద్నాలుగు రోజుల తేడాతో రెండు మారథాన్ ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. సెప్టెంబర్ 24న బెర్లిన్‌లో ఇథియోపియాకు చెందిన టిగిస్ట్ అసెఫా 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లలో పరుగు ముగించింది. ఆమె కాళ్లకు ఉన్నవి అడిడాస్ ఎవో 1. అక్టోబర్ 8న షికాగోలో కెన్యా కుర్రాడు కెల్విన్ కిప్టమ్ నైకీ ఆల్ఫాఫ్లై 3 నమూనాతో 2 గంటల 35 సెకన్లలో గీత దాటాడు. నాలుగు నెలలకే అతను రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఆ బూట్ల గురించి రాస్తున్నప్పుడల్లా ఆ ఇరవై నాలుగేళ్ల పిల్లాడే గుర్తొస్తాడు.

ఈ సంచిక ముఖచిత్ర కథనం ఆ రెండు బూట్ల మీదే. అడిడాస్ బరువు తగ్గించడం మీద పడింది: ఒక్కో బూటు 138 గ్రాములు, లోపల కార్బన్ కడ్డీలు. నైకీ పాదం ముందు భాగం కింద గాలి తిత్తులు, పొడవునా కార్బన్ పలక పెట్టింది. సోల్ మందం 40 మిల్లీమీటర్లు మించకూడదని, పలక ఒక్కటే ఉండాలని ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం 2020లో హద్దు గీసింది. ధరకు మాత్రం హద్దు లేదు. 2023లో ఎవో 1 జత ధర 500 డాలర్లు, అదీ ఒక్క మారథాన్ కోసమని కంపెనీయే చెప్పింది. పేద ఊళ్ల నుంచి వచ్చే రన్నర్ల ఆటలో ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

అందుకే మా పోలికలో వేగంతో పాటు మన్నికకూ అంతే చోటిచ్చాం. ఆగస్టు ఉక్కలో హైదరాబాద్ ఫ్లైఓవర్లు ఎక్కి దిగేవాళ్లకు ఏ జత పనికొస్తుందో విడిగా రాశాం.