వాన తెచ్చిన ఒంటికొమ్ము

ఒంటికొమ్ము గుర్రం బొమ్మ గుంటూరు, ఒంగోలు పిల్లల పుస్తకాల సంచుల మీదికీ చేరింది. వంద కోట్ల డాలర్ల విలువ దాటిన కొత్త కంపెనీని 2013 నుంచి వ్యాపార పత్రికలు యూనికార్న్ అంటున్నాయి. అరుదైనది, చేజిక్కితే అదృష్టం: ఈ అర్థం యూరప్ కళ ఇచ్చింది. న్యూయార్క్ క్లాయిస్టర్స్ మ్యూజియంలో 1500 ప్రాంతపు నేత తెరలున్నాయి. వాటిలో వేటగాళ్లు ఆ మృగాన్ని తరిమి బల్లేలతో పొడుస్తారు. ఒక తెర మీద అది కంచెలో గొలుసుతో కట్టేసి ఉంటుంది. అంత అందంగా నేసినా అది వేట సొమ్మే. పత్తీ మిరపా పండించే మన మెట్టసీమకు ఇంతకన్నా దగ్గరి ఒంటికొమ్ము వేరే ఉంది. అది సొంతం చేసుకోవడం గురించి కాదు, వాన గురించీ పాలకుడి బాధ్యత గురించీ మాట్లాడుతుంది.

ఆ ఒంటికొమ్ము ఋష్యశృంగుడిది. మహాభారత అరణ్యపర్వంలో నన్నయ తెనిగించిన భాగంలో అతని కథ ఉంది. లేడి కడుపున పుట్టి, తలమీద కొమ్ముతో, తండ్రి విభాండకుణ్ణి తప్ప మరో మనిషిని ఎరగకుండా పెరిగిన కుర్రవాడతడు. అంగదేశంలో వానలు లేవు. వేశ్యలు అతణ్ణి మురిపించి తీసుకొస్తారు, వాన కురుస్తుంది, రాజు తన కూతురు శాంతనిచ్చి పెళ్లి చేస్తాడు. అయితే ఆ కరువు ఎందుకొచ్చింది? ఆ దేశపు రాజు రోమపాదుడు చేసిన తప్పువల్లనని కథే చెబుతుంది. కరువును ప్రజల పాపం మీదికి నెట్టకుండా గద్దె మీదున్నవాడి లెక్కలో రాసిన కథ ఇది. కొమ్మున్న కుర్రవాణ్ణి రప్పించడం ఆ తప్పు దిద్దుకోవడమే. ఆ వేశ్యలకు మాత్రం కథ పెద్దగా గౌరవమివ్వలేదు. దేశాన్ని కాపాడిన పని వారిదే కదా, అది అన్యాయమే.

ఋష్యశృంగుడు మనిషి, యూనికార్న్ మృగం, రెంటికీ పోలికేమిటని అడగవచ్చు. బౌద్ధగ్రంథం మహావస్తులో ఇతని పేరు ఏకశృంగుడు. అడవిలోని అమాయక జీవిని ఆడమనిషి లొంగదీయడం రెండు కథల్లోనూ ఉంది. యూరప్ కథలో కన్య ఒడిలో తలపెట్టిన మృగాన్ని వేటగాళ్లు పట్టుకుంటారు. మన కథలో అతడు ఊరికి అల్లుడవుతాడు. బౌద్ధంతో పాటు జపాన్ చేరిన రూపంలో, ‘ఇక్కాకు సెన్నిన్’ అనే నోహ్ నాటకంలో, ఒంటికొమ్ము ముని వాననిచ్చే నాగరాజులను గుహలో బంధిస్తాడు. సుందరి వచ్చాకే వారికి విడుదల. అంత దూరం వెళ్లినా కొమ్మునూ వాననూ కథ విడదీయలేదు. సింధు ముద్రల మీది ఒంటికొమ్ము పశువే అసలు మూలమనేవారూ ఉన్నారు. ఆ లిపి చదవగలిగేదాకా ఆ పశువు దేనికి గుర్తో తేల్చలేం.

నీళ్లిచ్చేది కథ కాదు, కాలువ అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. నిజమే. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగాకే కుడికాలువ గుంటూరు, ప్రకాశం మెట్టలకు నీటి ఆశ చూపింది. కానీ నీరు పాలకుడి బాధ్యత అన్న మాట ఆ కాలువకంటే ఎంతో ముందే ఈ కథ చెప్పింది. ఆయకట్టు చివరి భూముల రైతు అడిగేదీ అదే. వానలు లేనప్పుడు ఊళ్లలో విరాటపర్వం చదివిస్తారు, గుళ్లలో వరుణజపాల్లో ఋష్యశృంగుణ్ణి తలుస్తారు. రోమపాదుడి తప్పును మాత్రం ఎవరూ తలవరు. కథలో ఆ భాగాన్ని కూడా జనం మధ్య, పాలకులు వినేలా చదవాలి.