మారిషస్‌కు పోవు తెలుగువారికి విన్నపము



మారిషస్ ద్వీపమునకు విహారార్థమై పోవుచున్న మనవారు, తెల్లని ఇసుకతీరములయందు నాలుగు దినములు సుఖముగా గడపి, తిరుగుప్రయాణపు నాటి అపరాహ్ణమున, సామానులు బండిలో నుండగనే, రాజధానియగు పోర్ట్ లూయీ నగరమున రెండు గంటలసేపు దిగి, కోడాన్ రేవుకడ అంగళ్లు చూచి వచ్చుట పరిపాటియైనది. వేళ చిక్కినవారు బ్లూ పెన్నీ మ్యూజియమునకు పోయి, 1847 నాటి రెండు తపాలాబిళ్లలను చూతురు. వెలుతురు సోకిన వన్నె తరుగునని వానిపై దీపమును కొంతసేపు మాత్రమే వెలిగింతురు గనుక, ఆ తరుణమునకై జనులు గడియారములు చూచుకొనుచు నిలుచుందురు. కాగితపు తునకలకు జరుగు ఈ ఉపచారమును నేనాక్షేపింపను. అచటినుండి కొలది నిమిషములు నడచిన చేరదగిన ఆప్రవాసీ ఘాట్‌కును ఆ పాటి ఓపిక చూపుడనియే నా మనవి.

బానిసల విమోచనము సమీపించినప్పుడు చెఱకుతోటల యజమానులకు పనివారు కావలసివచ్చిరి. 1834 నవంబరు 2న 'అట్లాస్' అను ఓడ 36 మంది భారతీయులను తెచ్చినది మొదలు 1920 వరకు, సుమారు అయిదు లక్షలమంది ఒప్పందపు కూలీలు ఆ దీవిలో దిగిరి. ఆ ఘాట్‌వద్ద 1849లో నెలకొల్పిన డిపోలో వారిని ఒకటి రెండు దినములు నిలిపి, పేరు, తండ్రిపేరు, ఊరు, ఒంటిమీది గుర్తులతో సహా పుస్తకములకెక్కించి, తోటలకు పంపుచుండిరి. ఆ డిపోలో నేడు మిగిలినది స్వల్పము: ఆసుపత్రి గదులు, వంటశాల, రేవునుండి పైకెక్కిన రాతిమెట్లు. పెద్ద రహదారి వచ్చి కొంత భాగమును మ్రింగినది. శేషించినదానిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించినది.

ఆ కూలీలలో మనవారును కలరు. గోదావరీముఖమునందలి కోరంగి రేవున ఓడలెక్కి పోయినందున, ఆ ద్వీపమున తెలుగువారికి 'కోరింగీ'లను పేరే వచ్చినది. మేటవేసి పాడుపడిన ఆ రేవును కాకినాడ ప్రక్కన చూడబోయినవారికి నేడు మడ అడవులు కనబడును. ఊరిపేరు మాత్రము సముద్రము దాటి ఒక జనమునకు పేరైనది. ఉగాది ఆ దేశమున సర్కారు సెలవు.

నవదంపతుల విహారమున దుఃఖస్థల మేల యందురేమో! బీహారునుండి కూలీగా వచ్చిన ఒకని కుమారుడు, శివసాగర్ రామ్‌గూలామ్, 1968లో స్వతంత్ర మారిషస్‌కు ప్రథమ ప్రధానమంత్రి యయ్యెను. దీనిని దుఃఖస్థలమని మాత్రమే యనుట యెట్లు?

కావున పోర్ట్ లూయీకి చివరి అపరాహ్ణము గాక మొదటి ఉదయమును, ఎండ ముదరకముందు, కాలినడకన, ఈయవలయును. ఘాట్‌వద్ద ఆరంభించి, బజారులో దాల్‌పూరీ తిని (మన బొబ్బట్టునకు తీపిలేని తోబుట్టువది), నగరనిర్మాతయగు లాబూర్దొనే విగ్రహముగల ప్లాస్ దార్మ్ మీదుగా సిటడెల్ కోటకెక్కినచో, విగ్రహము దక్కినవాడును, మెట్లు మాత్రమే దక్కినవారును ఒకే నడకలో తెలియుదురు. ఊరు విడిచి తిరిగిరాని ముత్తాత కథను ఇంట వినియున్న కోస్తావారు, మోకా పట్టణమునందలి మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరచిన ఆ డిపో పుస్తకములను గూర్చి ముందుగనే వ్రాసి విచారింపవలయును. విదేశీ గుమాస్తాల చెవికి తోచినట్లు పేర్లు వ్రాయబడినచోట, ఊరిపేరును పట్టుకొని వెదకుట మేలు.

టూరు కంపెనీలవారు, మనమడుగనిదే, కార్యక్రమమును మార్చరు. బయానా ఇచ్చుటకు ముందు వారి పత్రమును తెప్పించుకొని చదువుడు. అందు ఘాట్ పేరు లేనియెడల చేర్పింపుడు. చేర్పమన్నచో, పైకము జేబులో వైచుకొని ప్రక్క అంగడికి పొండు.