విమానం చూసేది పై మట్టినే – లోతు లెక్క బావుల్లో ఉంది

భూమి లోపలి వేడితో కరెంటు తీస్తామంటూ కేంద్రం 2025 సెప్టెంబరులో జాతీయ భూతాప ఇంధన విధానం ప్రకటించింది. దేశంలో 381 చోట్ల వేడి జాడలున్నాయని జియలాజికల్ సర్వే 2022లో లెక్క తేల్చింది. గోదావరి లోయ వాటిలో ముఖ్యమైన ప్రాంతం. ఆ లోయ రాతి పొరలు మణుగూరు నుంచి మన చింతలపూడి వైపు దిగి, డెల్టా ఒండ్రు కిందికి పోతాయి. మణుగూరు మండలం పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులో వేడినీళ్లు పడితే, సింగరేణి అక్కడ 20 కిలోవాట్ల ప్రయోగ ప్లాంటు పెట్టింది. దాంతో మన 5 హెచ్‌పీ మోటార్లు అయిదు నడుస్తాయి. చిన్నదే. రేపు పెద్దవి వస్తాయి, కనుక మనం ఇప్పుడే మాట్లాడాలి.

వేడి ఎక్కడుందో వెతికే పద్ధతుల్లో విమానంతో చేసే రేడియేషన్ సర్వే ఒకటి. ముందు ఒక భయం తీర్చుకుందాం. విమానం మన మీద రేడియేషన్ వదలదు. రాళ్లలో, మట్టిలో సహజంగా ఉన్న యురేనియం, థోరియం, పొటాషియం నుంచి వచ్చే గామా కిరణాలను లెక్కపెడుతుంది, అంతే. ఇవి నెమ్మదిగా క్షీణిస్తూ వేడి పుట్టిస్తాయి. ఇవి ఎక్కువున్న గ్రానైటు లోతుకు దిగి ఉంటే, అక్కడ వేడి దొరకొచ్చని అంచనా. బండ బయటికి కనిపించే చోట ఈ పద్ధతి పనికొస్తుంది.

మన దగ్గర సంగతి వేరు. ఆ యంత్రానికి అందేది పైనున్న అడుగు, అడుగున్నర మట్టి మాత్రమే. తాడేపల్లిగూడెం, ఏలూరు కాలవల కింద ఆ మట్టి నదులు మోసుకొచ్చిన ఒండ్రు. దాని కింద ఏ రాయి ఉందో విమానం చెప్పలేదు. ఊడ్పుల వేళ చేలో నీళ్లుంటే కిరణాలు తగ్గుతాయి. కైకలూరు, మండవల్లి చేపల చెరువుల్లో నాలుగైదు అడుగుల నీళ్లు వాటిని దాదాపు మొత్తం మింగేస్తాయి. మనం చల్లే పొటాష్‌లోనూ రేడియోధార్మిక పొటాషియం ఉంటుంది, ఫాస్ఫేటు ఎరువుల్లో యురేనియం జాడ ఉంటుంది. అంటే మన ఎరువు కట్ట కూడా ఆ లెక్కలో కొంత కలుస్తుంది!

మ్యాపు మీద గీత ఏం చేస్తుందో కొల్లేరు జనానికి ఒకరు చెప్పక్కర్లేదు. 1999లో జీవో 120తో +5 కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2006లో గట్లు పేల్చారు. సరస్సు బతకాలి, అందులో రెండో మాట లేదు. కాని గీత లోపల పడ్డ జిరాయితీ భూముల పంచాయితీ ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది.

లోతులో వేడి తెలియాలంటే లోతైన బావిలోనే కొలవాలి. ఆ బావులు ఇప్పటికే ఉన్నాయి. కైకలూరు, లింగాల మొదలు కోనసీమ దాకా ఓఎన్‌జీసీ దశాబ్దాలుగా తవ్వింది. అలాంటి బావుల్లో అడుగు ఉష్ణోగ్రత కొలిచి రాసుకోవడం మామూలే. ముందు ఆ లెక్కలు బయటపెట్టాలి. గ్యాసు అయిపోయిన బావుల్లోనే ప్రయోగం చేయాలి. కొత్తగా పంట భూమి ఎందుకు?

తవ్వకమంటే మనకు అనుభవమే. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు పైపు పేలి ఊరు కాలింది. 2022లో లద్దాఖ్‌లోని పుగా లోయలో భూతాప బోరు నుంచి పొంగిన నీళ్లు వాగులో కలిశాయి. అదే మన పంట కాలవలో కలిస్తే చేనూ, చెరువూ రెండూ పోతాయి.

మనం భూతాపానికి వ్యతిరేకం కాదు. 17 శాతం తేమ దాటిందని వెనక్కి పంపే ధాన్యాన్ని ఆ వేడితో ఆరబెట్టుకోవచ్చు. ఐస్‌లాండ్‌లో చేపలు అలాగే ఎండబెడుతున్నారు. కాని లాభం కంపెనీకి, నష్టం మనకి అంటే కుదరదు. మన కోర్కెలు ఇవి:

1. ఏ సర్వే చేసినా ఫలితాలు తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి. విమానం మ్యాపు ఒక్కటే చూపి బోరుకు అనుమతి ఇవ్వకూడదు.
2. పాత బావుల ఉష్ణోగ్రత లెక్కలు ప్రకటించాలి.
3. రైతు ఒప్పుకుంటేనే, అదీ కౌలుకే భూమి తీసుకోవాలి. కౌలు రైతుకూ పరిహారం ఇవ్వాలి.
4. వాడిన నీటిని తిరిగి లోతుకే పంపాలి. చుట్టుపక్కల బోర్ల నీటిని ముందూ తర్వాతా పరీక్షించాలి.

ప్రతి గ్రామ కమిటీ ఈ నాలుగింటి మీద తీర్మానం చేసి, పంచాయతీకి, తహసీల్దారుకు అందజేయాలి. విమానం వచ్చాక కాదు, రాకముందే.